అక్క లేని స్లైడు

కంటికి కనబడని దెబ్బను దెబ్బేనని ఒప్పించడం కంటే కష్టమైన పని లోకంలో మరొకటి లేదు. కాలు విరిగినవాడికి కట్టు కడతారు. చెయ్యి కాలినవాడికి మందు రాస్తారు. ఒంట్లోని కణాల్లో పోగులు తెగినా నవ్వుతూ ఇంటికి నడిచొచ్చినవాణ్ని మాత్రం "నీకేమైందయ్యా, గుండ్రాయిలా ఉన్నావు!" అని భుజం తట్టి మళ్లీ అదే పనికి తోలుతారు. అలాంటి దెబ్బలను వెతికి చూపించే ఉద్యోగం ఒకటుంది. ఆ ఉద్యోగంలో వయసంతా గడిపిన ఒక ఆవిడ కథ ఇది.

ఆవిణ్ని ల్యాబులో అందరూ చుక్కలక్క అంటారు. పై అధికారులు సైతం ఆ పేరుతోనే కబురు పెడతారు. ఆకాశంలో చుక్కలకూ ఆమెకూ సంబంధం లేదు. మూడో అంతస్తులో పొడవాటి నడవా చివర, కిటికీకి నల్లగుడ్డ బిగించిన చిన్న గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని, మనుషుల రక్తకణాల్లో పచ్చటి చుక్కలు లెక్కపెట్టడం ఆమె పని. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ల రక్తం ఆ ల్యాబుకు వస్తుంది. వాళ్లకు దెబ్బ తగిలిందో లేదో ఆ చుక్కలు చెప్పాలి.

చుక్క అంటే ఏమిటని కొత్తగా చేరినవాళ్లు అడిగితే ఆమె పుస్తకం తెరిచేది కాదు. "రోడ్డు తవ్విన చోట పనివాళ్లు ఎర్రజెండా పాతరూ? కణమూ అంతే. లోపల డీఎన్ఏ పోగు తెగిందనుకో, తెగిన చోట తనే ఒక జెండా పాతుకుంటుంది, మరమ్మతు చేసేవాళ్లకు దారి తెలియాలని," అనేది. ఆ జెండా మైక్రోస్కోపుకు కూడా ఊరికే ఆనదు. దాన్ని పట్టివ్వడానికి యాంటీబాడీ కావాలి. కుందేలు ఒంట్లో తయారైన యాంటీబాడీ ఒకటి ఉంది. దానికి ఆ జెండా తప్ప మరేదీ పట్టదు. కనబడితే చాలు, పోయి కరుచుకుంటుంది. కానీ దాని చేతిలో దీపం లేదు. అందుకని రెండో యాంటీబాడీ వేస్తారు. ఇది మేక ఒంట్లో తయారైంది, దీని చేతిలో పచ్చటి దీపం ఉంది. దీనికి జెండా తెలియదు, దెబ్బా తెలియదు. కుందేలు ఒంట్లోంచి వచ్చింది ఎక్కడుంటే అక్కడికి పోయి దాని చెయ్యి పట్టుకోవడమొక్కటే దీనికొచ్చిన విద్య.

"మొదటిది అక్క, రెండోది చెల్లి," అని తేల్చేసేది చుక్కలక్క. "దెబ్బ ఎక్కడుందో అక్కకు తెలుసు. అక్క ఎక్కడుందో చెల్లికి తెలుసు. మనకు కనబడేది చెల్లి చేతిలో దీపమొక్కటే."

ఆ మాట ల్యాబులో వేళ్లూనుకుపోయింది. "అక్క అయిపోవచ్చింది, కొత్త సీసా తెప్పించండి." "చెల్లిని వెలుతురులో పెట్టకండర్రా, దీపం ఆరిపోతుంది." ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి, "అక్కను ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేశాను" అన్న మాట చెవినబడి, చేతిలోని టీ ఒలకబోసుకున్నాడు.

ప్రతి పరీక్షలోనూ ఒక స్లైడు మీద అక్కను వెయ్యరు, చెల్లినొక్కదాన్నే పంపుతారు. పట్టుకోవడానికి అక్క చెయ్యి లేదు కనుక, నీళ్లతో కడిగితే చెల్లి కొట్టుకుపోవాలి. ఆ స్లైడు చీకటిగా ఉండాలి. అది చీకటిగా ఉంటేనే మిగతా స్లైడ్లలోని వెలుగుకు విలువ. దాన్ని 'అక్క లేని స్లైడు' అంటారు. ఏ పరీక్షలోనైనా ముందు దాన్నే చూడాలన్నది చుక్కలక్క పెట్టిన కట్టుబాటు. "ముందు చీకటి చూడండి. తర్వాతే వెలుగు చూడండి. వెలుగు ముందు చూసిన కంటికి చీకటి ఆనదు," అని ఆమె చెప్పగా చెప్పగా అక్కడివాళ్లకు కంఠతా వచ్చేసింది.

ఈ నిక్కచ్చితనం ఆమెకు తల్లి ఇచ్చిన ఆస్తి. తల్లి ఒక లాండ్రీ వెనకగదిలో రఫూ పని చేసేది. పురుగు కొట్టిన కోటును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, చిల్లున్న చోటల్లా సుద్దతో చుక్క పెట్టి, ఆ తర్వాతే సూది అందుకునేది. చిన్నప్పుడు ఆ సుద్ద చుక్కలు లెక్కపెట్టి చెప్పడం పెద్దకూతురి వంతు. ఒకనాడు ఆ పిల్ల ఉత్సాహం కొద్దీ నూలు ముడిని కూడా చిల్లుగా లెక్కేస్తే, తల్లి చెవి మెలిపెట్టి, "ఉన్న చిల్లు దాస్తే బట్టకు ద్రోహం, లేని చిల్లు చూపిస్తే బట్టగలవాడికి ద్రోహం. రెంటికీ మనమే జవాబుదారీ," అంది. ఆ తల్లి పోయేనాటికి చిన్నకూతురు ఇంకా జడలు వేయించుకునే వయసు. అప్పటినుంచీ అక్కే దాని జడ, దాని బడి, దాని జ్వరం, దాని అలక. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు ఇది ఒక ఒడ్డున పడనివ్వండి" అనేది. అది ఒడ్డున పడేసరికి ఈమె ఏరు దాటాలన్న ఆశే మరిచిపోయింది. దాన్ని ఇప్పటికీ చిన్నది అనే పిలుస్తారు, నడివయసు వచ్చినా. ఇద్దరూ ఒకే భవనంలో, చిన్నది కింది వాటాలో, అక్క పై వాటాలో ఉంటారు.

చిన్నదాని మొగుడు, అంటే చుక్కలక్కకు మరిది, ఫొటోలు తీస్తాడు. పెళ్లికి ముందు ఆ మాట విని చిన్నది మురిసిపోయింది. తీరా చూస్తే అతను ఫొటోలు తీసేది ఇనప గొట్టాలకు. పెద్దపెద్ద గొట్టాలను అతికిన చోట లోపల పగులుందేమో చూడడానికి, ఒక బరువైన పెట్టెలోంచి గామా కిరణాలు చిమ్మే చిన్న బిళ్లను తీగతో బయటికి తోసి, గొట్టానికి అవతలి పక్క ఫిల్ము పెట్టి బొమ్మ తీస్తారు. బొమ్మ పడగానే బిళ్లను తీగతో మళ్లీ పెట్టెలోకి లాగేస్తారు.

"ఇన్నేళ్లుగా తీస్తున్నారు, మీ ఫొటోల్లో ఒక్కరైనా నవ్వారా?" అని చిన్నది దెప్పేది.

"నవ్వకూడదనే తీసేది. అతుకు నవ్విందంటే గొట్టం పగిలినట్టేనే పిచ్చిదానా," అని అతను నవ్వేవాడు. అతను నవ్వితే పై వాటాకు వినబడేది.

అలాంటి మనిషి ఒక సోమవారం పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, చాలాసేపు ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు. జరిగింది ఇది. తీగ తిప్పాడు, బిళ్ల పెట్టెలోకి వచ్చేసిందనుకున్నాడు. అది రాలేదు, తీగ కొక్కెం ఊడి గొట్టం దగ్గరే ఉండిపోయింది. కిరణాలను పసిగట్టి కూతపెట్టే మీటరులో బ్యాటరీ చచ్చిపోయి చాలా రోజులైంది. కొత్తది కావాలని అతను అడిగాడు, వస్తుందన్నారు. ఫిల్ము మార్చడానికి గొట్టం దగ్గరికి వెళ్లి, తాపీగా ఫిల్ము మార్చి వచ్చాడు. పెట్టె మూత పడకపోవడం చూశాకే సంగతి తెలిసింది. ఒంటిమీద పడిన కిరణాలను నమోదు చేసే బ్యాడ్జీ ఒకటుంటుంది. అది అతని కోటుకు ఉంది. కోటు, ఉక్కపోతకు విప్పి తగిలించిన కొక్కేనికి ఉంది.

కంపెనీ రాసిన ఉత్తరంలోని వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఇవ్వడం అవసరం: "సదరు ఉద్యోగి బ్యాడ్జీలో ఎట్టి మోతాదూ నమోదు కానందున, అతనికి ఎట్టి హానీ జరగలేదని భావించడమైనది, వచ్చే సోమవారం నుండి యథాప్రకారం అదే విధులకు హాజరు కావలెను." భావించడమైనది! భావించింది ఎవరు? వాక్యంలో కర్త లేడు. కర్త ఉంటే అతనికి ఒక ముఖం ఉంటుంది, ఆ ముఖాన్ని పట్టుకుని నిలదీయవచ్చు. అందుకే ఇలాంటి ఉత్తరాల్లో పనులన్నీ వాటంతటవే జరిగిపోతుంటాయి. ఆ బ్యాడ్జీ రుజువు చేసింది నిజానికి ఒక్కటే: గోడకున్న కొక్కేనికి ఏ హానీ జరగలేదని.

మరిది గొడవపెట్టాడు. రక్తపరీక్ష చేయించమన్నాడు. ఈ బల్ల మీంచి ఆ బల్లకు తిప్పి తిప్పి, బుధవారం సాయంత్రానికి గాని రక్తం తియ్యలేదు. ఇందులోని అన్యాయం తెలియాలంటే ఆ చుక్కల స్వభావం తెలియాలి. తెగిన పోగును కణం అతికించుకుంటుంది; అతికించుకోగానే జెండా పీకేస్తుంది. దెబ్బ తగిలిన పూట వందలుగా కనబడే చుక్కలు రెండు రోజులయ్యేసరికి చాలావరకు మాయమవుతాయి. ఆలస్యం చేసినవాడే చివరికి "చుక్కల్లేవు, చూశారా!" అంటాడు. ఇల్లు తగలబడ్డ రెండు రోజులకు వచ్చి, పొగ ఏదీ అని అడిగినట్టు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నది అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వే చూడు. ఇంకెవరి చేతికీ ఇవ్వకు."

"సొంతవాళ్ల రక్తమొస్తే చెప్పి తప్పుకోవాలే. అది మా రూలు."

"రూలా? ఆయన్ని సోమవారం మళ్లీ ఆ పెట్టె దగ్గరికి పంపిస్తారట, అదీ రూలే. నీ రూలు పెద్దదా, వాళ్ల రూలు పెద్దదా?"

"వదినను ఇరికించకు," అన్నాడు మరిది, మెతుకులు కెలుకుతూ. "వదినా, చుక్కలు లేకపోతే నాలుగు పెన్నుతో పెట్టెయ్. నా అతుకుల ఫిల్ముల మీద మా ఆఫీసరు చేసే పని అదే."

ఎవరూ నవ్వలేదు. అది చూసి అతనూ తలదించుకున్నాడు. చుక్కలక్క "చూస్తాలే" అంది. ఆ ఒక్క మాటతో ఆమె తన కట్టుబాటు ఒకటి తెంచుకుంది. రెండోది మర్నాడు తెగింది.

ల్యాబులో స్లైడ్లకు యాంటీబాడీలు వేసి సిద్ధం చేసేవాడు ఒకడున్నాడు, రంగులాయన అంటారు. చుక్కలక్క చూడడమే గాని, వెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది. గురువారం పొద్దున్నే ఆమె అతని బల్ల దగ్గర నిలబడింది.

"ఇవాళ ఈ స్లైడ్లు నేను వేస్తాలేవయ్యా. నువ్వా మూలనున్న పాత పెట్టెలు సర్దు."

"అదేంటక్కా, నా చెయ్యి నచ్చలేదా?"

"నచ్చకేం. నా చెయ్యి మొద్దుబారిపోతోందని."

అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. స్లైడ్ల మీది పేర్లు కనబడకుండా కాగితం ముక్కలు అంటించి, వాటి మీద అంకెలు వేయడం అక్కడి పద్ధతి, చూసేవాళ్లకు ఎవరి రక్తమో తెలియకూడదని. కానీ ఆ వారం వచ్చిన రక్తం ఒక్కరిదే. కాగితం ముక్క కళ్లకు గంతలు కడుతుందేమో గాని, గుండెకు కట్టలేదు.

అక్కను వేసేముందు ఒక పని ఉంది. స్లైడు మీద జిగట చోట్లు ఉంటాయి. వాటిని వదిలేస్తే యాంటీబాడీలు దెబ్బతో నిమిత్తం లేకుండా అక్కడ అంటుకుంటాయి. అందుకని ముందుగా సీరం, అంటే జంతువు రక్తం గడ్డకట్టాక పైన తేలే తేట, పోసి ఆ జిగటను నింపేస్తారు. చెల్లి మేకది కనుక మేక సీరమే పొయ్యాలి. సొంత జాతి సీరాన్ని చెల్లి పట్టించుకోదు. వేరే పరీక్షకు వాడే కుందేలు సీరం కూడా ఆ ఫ్రిజ్‌లోనే, అదే అరలో, అలాంటి సీసాలోనే ఉంటుంది. రంగులాయన మేక సీసా మెడకు ఎప్పుడూ ఒక ఎర్రదారం కట్టి ఉంచేవాడు. అంతకు ముందువారం చుక్కలక్క ఫ్రిజ్ శుభ్రం చేస్తూ ఆ దారాన్ని కత్తెరతో తెంపి, "ఇది ల్యాబా, దర్జీ కొట్టా?" అని అతనికి చీవాట్లు పెట్టింది. రఫూ చేసే తల్లికి పుట్టిన కూతురు అనవలసిన మాట కాదది. అయినా అంది.

చెయ్యి ఫ్రిజ్‌లోకి వెళ్లింది. మనసు కింది వాటాలో ఉంది. సీసా బయటికొచ్చింది.

చీకటి గదిలో కూర్చునేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క లేని స్లైడు ట్రేలో అన్నిటికన్నా ముందే ఉంది. ఆమె వేళ్లు దాన్ని దాటుకుని వెళ్లి పక్కదాన్ని తీశాయి. కన్ను ఆనించింది.

పచ్చగా మండిపోతోంది. చుక్కలు కావు, చుక్కల మీద చుక్కలు. కణమంతా దీపాల కొట్టులా ఉంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు కణం అలా వెలగడం ఆమె చూసిందే. మరిది నిజమే చెప్పాడు. మరిదికి ఇంత దెబ్బ తగిలింది. సంతోషమో దుఃఖమో తేలకుండానే నడవాలోకి వచ్చి ఫోను చేసింది.

"చిన్నీ, ఉన్నాయే. నిండా ఉన్నాయి."

"నిండానా?" అంది చిన్నది. "అంటే... సోమవారం పంపరుగా?"

"పంపరు."

ఫోను పెట్టేసి మళ్లీ గదిలోకి వెళ్లింది. పని పూర్తి చెయ్యాలి కదా అని, అలవాటు కొద్దీ, అక్క లేని స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టింది.

అదీ పచ్చగా మండిపోతోంది.

అక్కనే వెయ్యలేదు. మరి చెల్లి ఎవరి చెయ్యి పట్టుకున్నట్టు? చుక్కలక్క లేచి ఫ్రిజ్ తెరిచి, తను వాడిన సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి, సన్నటి అక్షరాలు చదివింది. కుందేలు. జిగట నింపడానికి స్లైడంతటా కుందేలు సీరం పులిమేసింది తనే. కుందేలు వాసన తగిలిన చోటల్లా చెయ్యి అందించడమే చెల్లికి తెలిసిన విద్య. పాపం దానికి ఎటు చూసినా అక్కే కనిపించింది. దెబ్బతో పనిలేకుండా ప్రతి మూలా దీపం పెట్టేసింది.

ఇది లోకంలో మరెవరూ చెయ్యలేని తప్పు. ఒక కుందేలుకూ మేకకూ తేడా తెలియకపోవడానికి ఇంత చదువు, ఇంత అనుభవం కావలసివచ్చాయి.

గదిలో ఎవరూ లేరు. పగిలిన గాజు పడేసే డబ్బా కాలి దగ్గరే ఉంది. అక్క లేని స్లైడు అందులో పడితే చప్పుడు కూడా పెద్దగా రాదు; మిగతా స్లైడ్లు మరిది పక్షాన దివిటీల్లా వెలుగుతూనే ఉంటాయి. ఆ ఆలోచన వచ్చిందని చెప్పకపోతే ఆమెను దేవతను చేసినట్టవుతుంది; ఆమె దేవత కాదు, అక్క. ఆ డబ్బా వైపు చూసింది. తర్వాత మరో ఆలోచన వచ్చింది, ఇది ఇంకా తియ్యటిది: ఫ్రిజ్‌లో అదే రక్తానికి మిగులు స్లైడ్లున్నాయి, ఎవరికీ చెప్పకుండా తనే మళ్లీ వేసి తనే చూసుకుంటే? సీసా సరైనదే తీసుకుంటుంది ఈసారి. కానీ కన్ను? పొద్దున సీసా మీద అక్షరాలు చదవలేని ఈ కన్ను, మధ్యాహ్నం చీకటిని దాటేసి వెలుగు వైపు ఎగబడిన ఈ కన్ను, రేపు నూలు ముడిని చిల్లు అనదని ఏమిటి?

ఎప్పుడో మెలిపడిన చెవి ఇన్నేళ్లకు మళ్లీ చురుక్కుమంది. రెండు స్లైడ్లూ ట్రేలో పెట్టుకుని, ల్యాబు నడిపే పెద్ద మేడం గది తలుపు తట్టింది.

పెద్ద మేడం అంతా విన్నది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రక్తం మీ మరిదిదా?"

"అవునండి."

"ఈ మాట ఎప్పుడు చెబుదామనుకున్నారు?"

"చెప్పకూడదనే అనుకున్నానండి."

"ఆ నిజాయితీ బుధవారం ఉండాల్సింది," అంది మేడం కటువుగా. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇంట్లో చెప్పేశారా?" అని అడిగింది.

చుక్కలక్క తల ఊపింది.

"అయితే ముందు ఇంటికి వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి. మిగులు స్లైడ్లు రంగులాయన వేస్తాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంతో కలిపి, అంకెలు నేనే మార్చి వేయిస్తాను. అతనూ నేనూ విడివిడిగా చూస్తాం. మీరు ఆ గది గడప తొక్కొద్దు. రేపు గాజుసామాను కడగండి."

ఇంటికి వెళ్లేసరికి చిన్నది వాకిట్లోనే ఎదురొచ్చింది. లోపల మరిది కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. 'నిండా' అన్న మాట అతని మీద ఎలా పనిచేసిందో చుక్కలక్క అప్పుడు చూసింది. మధ్యాహ్నం నుంచి అతను ఒక్క జోకూ వెయ్యలేదట. అద్దంలో నాలుక చూసుకున్నాడట, దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టాడట.

నిలబడే చెప్పేసింది. తప్పు సీసా తీశాను, వెలుగంతా దొంగవెలుగు, ఉన్నాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

"వెనక్కి తీసుకుంటావా? అదేమన్నా అప్పిచ్చిన గిన్నెనా?" చిన్నది నెత్తిన నోరు పెట్టుకుని లేచింది. "నువ్వు నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? సోమవారం ఆయన పోనక్కర్లేదు, అంతే కదా మనకు కావాల్సింది! నువ్వు నాకు అక్కవా, కంపెనీకి అక్కవా?"

"చిన్నీ, విను. ఇంత దెబ్బంటే వాళ్లు ఊరుకోరు. ఇంకో ల్యాబుకు పంపుతారు. అక్కడ చీకటిగా ఉండాల్సింది చీకటిగానే ఉంటుంది. అప్పుడు నా అబద్ధంతో పాటు మీ ఆయన చెప్పిన నిజం కూడా చెత్తడబ్బాలో పడుతుంది. తర్వాత ఆయన మంటల్లో ఉన్నా ఎవరూ నమ్మరు."

"మరి రేపు చుక్కల్లేవని వస్తే?"

మరిది తల ఎత్తాడు.

"వదినా, ఒక్క మాట. ఇప్పుడు నేను చచ్చినట్టా, బతికినట్టా?"

"ఇంకా చూడలేదయ్యా."

"అయితే తేలేదాకా బతికే ఉంటా," అని కుర్చీలోంచి లేచాడు. ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. "ఏమేవ్, ఆకలేస్తోంది."

చిన్నది అక్క ముఖాన తలుపు వెయ్యలేదు గాని, వేసినంత పని చేసింది.

శుక్రవారమంతా చుక్కలక్క బీకర్లు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. నడవాలో అడుగుల చప్పుడైతే కుళాయి కట్టి చెవి ఒగ్గేది. చుక్కలుంటే మరిది దెబ్బతిన్నట్టు. లేకపోతే మళ్లీ దెబ్బ తినడానికి వెళ్లినట్టు. ఏది కోరుకోవాలో తెలియని ప్రార్థన ఎవరు వింటారు? ఒకసారి రంగులాయన పక్కనుంచి పోతూ, "అక్కా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కింద నా రక్తం కూడా తీశారు. ముందు చీకటే చూశాం. చిమ్మచీకటి," అని మాత్రం చెప్పి పోయాడు. అంతకుమించి చెప్పలేదు, ఆమె అడగలేదు.

సాయంత్రం పెద్ద మేడం స్వయంగా వచ్చి సింకు పక్కన నిలబడింది.

"అంకెలు విప్పాం. ఇద్దరి లెక్కా ఒకేలా వచ్చింది. మిగతావాళ్లలో చుక్క దొరకాలంటే వెతుక్కోవాలి. ఒకరి కణాల్లో మాత్రం చాలావాటిలో ఒకటీ రెండూ కనబడుతున్నాయి. పెద్దవి, మొండివి. మానగా మిగిలినవి."

"మా మరిదివా?"

"మీ మరిదివే."

చుక్కలక్క తడిచేతులతోనే ముఖం కప్పుకుంది. నిండా లేవు. కానీ ఉన్నాయి.

పెద్ద మేడం రాసిన నివేదికలో ఒక వాక్యం ఇది: "దెబ్బ తగిలిన రెండు రోజులకు తీసిన రక్తంలో కూడా మానని గాయాలు మిగిలి ఉండడం నేను, నా సహోద్యోగి, విడివిడిగా మా కళ్లతో చూశాము, రక్తం వెంటనే తీసి ఉంటే ఇంకా ఎన్ని కనబడేవో చెప్పే అవకాశం మాకు లేకుండా చేసినది ఆలస్యం." ఈ వాక్యంలో కర్త ఉన్నాడు. చూసినవాళ్లున్నారు, వాళ్లకు కళ్లున్నాయి. మొదటి పరీక్ష తప్పు సీరం వల్ల చెల్లదన్న మాటా అందులోనే ఉంది. అది తీసేద్దామా అని మేడం అడిగితే, చుక్కలక్కే ఉంచమంది. దాని మీద ఆమెకు ఒక మెమో వచ్చింది, ఆమె సంతకం పెట్టి తీసుకుంది.

కంపెనీ జవాబు శనివారం వచ్చింది. మరింత నెమ్మదిగా తేలే, మరింత లోతైన రక్తపరీక్ష ముగిసేవరకు సదరు ఉద్యోగిని కిరణాల పనికి దూరంగా, ఫిల్ములు చదివే బల్ల దగ్గర ఉంచవలెనని "నిర్ణయించడమైనది". అందులో క్షమాపణ లేదు. మీటరు బ్యాటరీ ఊసు లేదు. కర్త అసలే లేడు. అయినా సోమవారం ఆ పెట్టె దగ్గరికి అతను వెళ్లలేదు. ఆ ఒక్కటి జరిగింది, మిగతావాటి కోసం దెబ్బలాడవలసే ఉంది.

అంతకుముందే, శనివారం ఇంటికి బయల్దేరేముందు, చుక్కలక్క ఫ్రిజ్ తెరిచి మేక సీసా మెడకు ఎర్రదారం చుట్టి రెండు ముళ్లు వేసింది. రంగులాయన వెనకనుంచి చూసి, "ఇది ల్యాబా, దర్జీ కొట్టా?" అన్నాడు.

"దర్జీ కొట్టే," అంది ఆమె. "మా అమ్మదే."

ఆ సాయంత్రం భవనంలో కరెంటు పోయింది. పై వాటాలో చుక్కలక్క కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంది. గురువారం నుంచి కింది వాటా మాట్లాడలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడయింది, తలుపు కింద సందులోంచి వెలుగు కదిలింది. చిన్నది ఫోను లైటు పట్టుకుని లోపలికి వచ్చి, అక్క కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"ఎన్ని ఉన్నాయక్కా?" అంది.

"ఉన్నన్ని."

"నిండా లేవుగా?"

"లేవు."

చిన్నది ముక్కు ఎగబీల్చి, తల అక్క మోకాలికి ఆనించింది. కింది నుంచి మరిది గొంతు వినబడింది, మెట్లన్నీ దాటుకుని: "వదినా, మా ఆవిడ లైటు పట్టుకుపోయింది! నేనిక్కడ చీకట్లో ఉన్నా. దెబ్బలేమీ తగలకముందే పంపించెయ్!"

చుక్కలక్క నవ్వింది. "పోవే, మీ ఆయన పిలుస్తున్నాడు," అంది గాని, మోకాలి మీది తలను మాత్రం కదలనివ్వలేదు.